మూడు సిస్టమ్‌లూ ఒకేసారి మార్చకు

అమ్మలూ,

మామయ్య దీవెనలు. నువ్వు పంపిందంతా చదివాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, అయిపోయింది, శుభలేఖలు కొట్టే నీ షాపులో ఉన్న మూడు సిస్టమ్‌లూ విండోస్ 11కి పనికిరావన్నారు, ఈ ఆదివారమే మూడింట్లోనూ విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించేస్తానన్నావు. మారమనే నేనూ చెప్తాను. బాగా పనిచేస్తున్న మిషన్లను పాత ఇనుముకి వెయ్యడం నాకూ మనసొప్పదు. కానీ ఈ ఆదివారం వద్దు తల్లీ. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖ మధ్యలో ఆగిపోతే నీకు కష్టమర్లూ పోతారు, లినక్స్ మీద నమ్మకమూ పోతుంది.

ఫ్రాన్స్‌లో జాండార్మరీ అనే పోలీసు దళం ఉంది. వాళ్లు 2005లో విండోస్‌ని ముట్టుకోకుండా ముందు ఉత్తరాలూ లెక్కలూ చేసుకునే ఓపెన్ ఆఫీస్ పెట్టుకున్నారు. తర్వాత నెట్ చూడ్డానికి ఫైర్‌ఫాక్స్, మెయిల్‌కి థండర్‌బర్డ్. సిబ్బంది చేతులు వాటికి అలవాటు పడ్డాక, 2008 నుంచి కింద ఉన్న విండోస్ తీసి ఉబుంటు అనే లినక్స్ రకం పెట్టడం మొదలుపెట్టారు. ఇవాళ వాళ్ల కంప్యూటర్లు వేలకొద్దీ దానిమీదే నడుస్తున్నాయి. నువ్వూ అదే దారి పట్టు. రేపే విండోస్‌లోనే డాక్యుమెంట్లకు లిబ్రేఆఫీస్, డిజైన్లకు ఇంక్‌స్కేప్, ఫొటోలకు గింప్ ఎక్కించుకుని, తొందర లేని పనులు వాటిలో చెయ్యి. లినక్స్‌లోనూ ఉండేవి అవే.

నీ అసలు చిక్కు ‘అను’ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఫాంట్లు. అనులో కొట్టిన ‘శుభలేఖ’ కంప్యూటర్ లెక్కలో తెలుగే కాదు. ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన చోట తలకట్టు ఒకటి, కొమ్ము ఒకటి, ఒత్తు ఒకటి ముక్కలుగా కూర్చి చూపిస్తుందంతే. ఫాంట్ లేని మిషన్‌లో అదే ఫైలు తెరిచి చూడు, పిచ్చి గుర్తులు తప్ప ఏమీ కనపడవు. పదేళ్ల నుంచి నువ్వు కొట్టిన మ్యాటరంతా అలా తాళం పడి ఉంది. కష్టమర్ వాట్సాప్‌లో పంపేది యూనికోడ్ తెలుగే కదా, అంటే కంప్యూటర్ కూడా తెలుగుగానే గుర్తించేది, దాన్ని చూస్తూ మళ్లీ అనులో కొడుతున్నావు. ఎంత శ్రమ వృథా! దాన్నే కాపీ చేసి ఇంక్‌స్కేప్‌లో పెట్టుకోవచ్చు. సురన్న, మల్లన్న, రామరాజ, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. టైపింగ్ గురించి భయపడకు. లినక్స్‌లో భాషలు టైప్ చేయించే ఐబస్ అనే ప్రోగ్రామ్‌కి ఎం17ఎన్ అనే కీబోర్డుల కట్ట జత చేస్తే, నీ వేళ్లకు అలవాటైన యాపిల్ కీబోర్డ్ లేఅవుట్ అందులో ఉంది. పాత అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి. కాకపోతే ఒత్తులు తారుమారవుతుంటాయి, పేర్లూ తేదీలూ నువ్వే ఒకసారి చదవాలి.

అందుకని ఒక సిస్టమ్‌ని విండోస్‌తోనే ఉంచు. అనూ, పేజీలు కూర్చే పేజ్‌మేకరూ అందులోనే ఉండనీ. అప్‌డేట్లు లేని విండోస్‌కి నెట్ ప్రమాదం, కేబుల్ మాత్రం పీకెయ్యి.

మిగతా రెండిట్లో బాగా పాతదానితో మొదలుపెట్టు. ర్యామ్ 4 జీబీయే అన్నావు కాబట్టి లినక్స్ మింట్ అనే రకంలో తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ దించు. పెన్‌డ్రైవ్‌లోకి రాసుకుని దాంతోనే బూట్ చెయ్యి, ఇన్‌స్టాల్ చెయ్యకు. అలాగే వాడి చూడు. సౌండ్, వైఫై, స్కానర్, అన్నిటికంటే ముఖ్యంగా ప్రింటర్. మన షాపుల్లో కనిపించే పాత చిన్న లేజర్ ప్రింటర్లు కొన్ని తమ కంపెనీ డ్రైవర్ ఉంటే తప్ప కదలవు, లినక్స్‌లో వాటితో చాలా అవస్థ. ఒక్క పేజీ ప్రింట్ తీస్తే నీకే తెలిసిపోతుంది.

ఇది బాగా గుర్తుపెట్టుకో. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపెయ్యమంటావా అని ఒక స్క్రీన్ వస్తుంది. ల్యాబ్‌లో పనిచేసే రోజుల్లో నేను తొందరలో అక్కడ సరే అన్నాను. ఒక బ్యాచ్ పిల్లల ప్రాజెక్ట్ రిపోర్టులు పోయాయి. మళ్లీ రాత్రుళ్లు కూర్చుని టైప్ చేసుకున్న ఆ పిల్లల మొహాలు ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేస్తే సరిపోదు, దాన్ని ఇంకో సిస్టమ్‌కి తగిలించి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూశాకే ఆ స్క్రీన్ దాకా వెళ్లు.

కొత్త కదా, కుర్రాళ్లకు రాదేమో అన్నావు. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. మీ చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లో ఉన్నదీ లినక్స్ కెర్నలే, అంటే దాని గుండెకాయే, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినదే. మెనూలు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. వాటిని అనువదించింది ఎక్కువగా మనలాంటివాళ్లే, జీతం ఆశించకుండా. అది తలచుకున్నప్పుడల్లా నాకు గొప్పగా ఉంటుంది.

ప్రింటర్ వెనకాల స్టిక్కర్ ఉంటుంది, మోడల్ నంబర్ కనపడేలా ఫొటో తీసి ఈ రాత్రికే పంపు. అది పనిచేస్తుందో లేదో కనుక్కుని చెప్తాను. పెన్‌డ్రైవ్ 8 జీబీది ఖాళీది పక్కన పెట్టుకో.

మీ మామయ్య