లక్షన్నర బడ్జెట్‌లో పాత థార్‌కు ముందుగా ఏం చేయించాలి?

గుంటూరు నుంచి అడిగిన మిత్రుడి ప్రశ్న సారాంశం ఇది: 2013 నాటి మహీంద్రా థార్ సీఆర్‌డీఈ, నాలుగు చక్రాలూ లాగే ఫోర్ బై ఫోర్ డీజిల్ జీపు ఒకటి బేరానికి వచ్చింది, బండి కొనగా చేతిలో లక్షన్నర మిగులుతుంది, ఆ డబ్బుతో లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచేది), పెద్ద టైర్లు, స్నార్కెల్ (ఇంజను గాలి పీల్చే నోటిని పైకి ఎత్తే గొట్టం), వించ్ (దిగబడినప్పుడు లాగే మోటారు చక్రం), ఎల్‌ఈడీ లైట్లలో వేటిని ముందు పెట్టించుకోవాలి. నేను విజయవాడలో ఇదే తరం బండిని వాడుతున్నాను, దాని పనులన్నీ ఆటోనగర్‌లో దగ్గరుండి చేయించుకున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఈ ఐదింటిలో టైర్లు తప్ప, అవీ పెద్దవి కాదు కంపెనీ సైజువే, మిగిలినవేవీ ప్రస్తుతం మీకు అవసరం లేదు. డబ్బులో ముందు వాటా బండిని షోరూమ్ నుంచి దిగిన నాటి స్థితికి తేవడానికి వెళ్లాలి. ఆ తర్వాతి వాటా టైర్లకు, చిన్న వాటా దిగబడిన బండిని బయటికి లాగే సామగ్రికి వెళ్లాలి. ఎంతో కొంత ఖర్చు పెట్టకుండా పక్కన ఉంచుకోవాలి.

ఇలా చెప్పడానికి కారణం ఉంది. ఆ బండికి 2498 సీసీ డీజిల్ ఇంజను, 105 హార్స్‌పవర్, 247 న్యూటన్ మీటర్ల టార్క్, వాటికి తోడు వేగం తగ్గించి లాగే బలం పెంచే లో రేంజ్ గేరు ఉన్నాయి. మన జిల్లాల డొంక రోడ్లకూ, కొండవీడు, కొండపల్లి చుట్టుపక్కల రాళ్ల బాటలకూ ఆ శక్తి సరిపోయి ఇంకా మిగులుతుంది. పదేళ్లు దాటిన బండి ఎక్కలేకపోతే దానికి శక్తి చాలక కాదు, అరిగిన బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు), కుంగిన కమాన్లు (ఉక్కు పట్టీల స్ప్రింగులు), కారిపోయిన షాక్ అబ్జార్బర్లు, పట్టులేని టైర్లు దాన్ని ఎక్కనివ్వకపోవడం వల్ల. అలాంటి బండిని ఎత్తు పెంచితే ఆ లోపాలన్నీ ఎత్తులో కొనసాగుతాయి, అంతే.

బేరం ఇంకా ముగియలేదు కాబట్టి ముందు కొనుగోలు గురించి. విజయవాడ చుట్టుపక్కల అమ్ముడవుతున్న ఏ పాత బండినైనా 2024 సెప్టెంబరు వరదను మనసులో పెట్టుకుని చూడాలి. బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు మునిగిన వాహనాలు వేలల్లో ఉన్నాయి, వాటిలో కొన్ని కడిగి, పాలిష్ పెట్టి తిరిగి అమ్మకానికి వచ్చాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. పైన శుభ్రంగా ఉన్న బెల్టు అడుగున బురద చార కనిపిస్తే ఆ బండి మునిగినట్లే. సీట్ల కింది పట్టాలకు తుప్పు, డాష్‌బోర్డు వెనుక వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి చిలుము, కార్పెట్ కింద ఎండిన ఒండ్రు కూడా అదే సాక్ష్యం చెబుతాయి. అన్నిటికంటే నమ్మదగినది డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య ఉండే గేర్ల డబ్బా) ఆయిల్. మెకానిక్ చేత ఫిల్లర్ నట్టు విప్పించి వేలు పెట్టి చూడండి, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో వస్తే లోపలికి నీళ్లు వెళ్లాయి. బండి బాపట్ల, మచిలీపట్నం వైపు సముద్రతీరంలో తిరిగినదైతే ఛాసిస్ కింద, ముఖ్యంగా వెనుక అడ్డకమ్మీ దగ్గర, బాడీ ఛాసిస్ మీద కూర్చునే చోట్ల చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. ఛాసిస్‌ను తుప్పు తిన్న బండిని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫైనాన్స్ బకాయి, ఇన్సూరెన్స్, చలానాలు చూసుకోండి. ఫైనాన్స్ తీరిపోయినా ఫారం 35 ఇచ్చి ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు తీయించారో లేదో అడగండి. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చినందున అటువైపు బండ్లు చౌకగా మన దాకా వస్తాయి, అయితే అక్కడి ఆర్‌టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు ఖర్చులు కలుపుకుని ఆ చౌక ఎంతవరకు నిలుస్తుందో లెక్క వేసుకోండి. 2015లో వచ్చిన మార్పుల నుంచి థార్ వెనుక ఇరుసుకు మెకానికల్ లాకర్ (ఒక చక్రం పట్టు తప్పి తిరిగినా రెండింటినీ కలిపి లాగించే తాళం) రావడం మొదలైంది. కాస్త ఎక్కువ పెట్టినా అలాంటి బండి దొరికితే, మీరు అడిగిన ఐదు వస్తువులూ కలిసి చేయలేని మేలు ఆ ఒక్క లాకర్ చేస్తుంది.

ఇప్పుడు మరమ్మతు. వెనుక కమాన్ల నుంచి మొదలుపెట్టండి. చదునైన నేల మీద బండిని నిలిపి, చక్రం మధ్యబిందువు నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి, ఎడమ కుడి అంకెలు రాసుకోండి. నా బండికి ఇలా కొలిచినప్పుడు డ్రైవరు వైపు స్పష్టంగా తక్కువ వచ్చింది, లిఫ్ట్ గురించి ఆలోచించాల్సిన పనే లేదని అక్కడే తేలింది. కమాన్లు విప్పించి చూస్తే ఒక పట్టీ చివర విరిగి ఉంది, రబ్బరు బుష్‌లు పిండిగా రాలుతున్నాయి. ఆటోనగర్‌లో కమాన్ పని చేసే మేస్త్రులు పాత పట్టీలకు వంపు కొట్టి ఇస్తారు. సుత్తి దెబ్బలతో చల్లగా వంపు తెస్తే కొంతకాలం నిలుస్తుంది, ఎర్రగా కాల్చి వంచితే మాత్రం ఉక్కు పదును పోయి కొద్ది నెలల్లోనే మళ్లీ కుంగుతుంది. అందుకే మెయిన్ పట్టీ కొత్తది వేయించి, మిగిలినవి తుప్పు గీకించి, గ్రీజు పట్టించి, బుష్‌లు, సెంటర్ బోల్టు, యు బోల్టులు అన్నీ కొత్తవి వేయించాను. బండి పోగొట్టుకున్న ఎత్తు తిరిగి వచ్చింది, లిఫ్ట్ కిట్ అమ్మేవాళ్లు డబ్బు తీసుకుని ఇచ్చే ఎత్తులో మంచి భాగం అదే.

ముందు వైపు సంగతి వేరు. ఈ తరం థార్‌కు ముందు కమాన్లు లేవు, టార్షన్ బార్లనే పొడవాటి ఉక్కు కడ్డీలు మెలిపడుతూ బరువు మోస్తాయి. వాటి చివరి బోల్టు బిగిస్తే బండి ముక్కు పైకి లేస్తుంది, కనుక ‘పైసా ఖర్చు లేకుండా రెండంగుళాలు లేపి ఇస్తాం సార్’ అనే మాట మీకు తప్పక వినబడుతుంది. దయచేసి ఒప్పుకోవద్దు. ఆ బోల్టు చక్రానికి కొత్త ప్రయాణాన్ని ఇవ్వదు, కిందికి దిగే ప్రయాణంలో నుంచి తీసి పైకి చూపిస్తుంది. ఫలితంగా గుంత వచ్చినప్పుడు చక్రం దిగి నేలను అందుకోలేక గాలిలో తిరుగుతుంది. ముందు యాక్సిల్ జాయింట్లు ఎప్పుడూ ఎక్కువగా వంగిన కోణంలో పని చేయడంతో వాటి మీది రబ్బరు బూటు చీలి, గ్రీజు బయటికీ ఇసుక లోపలికీ వెళ్తాయి. మీరు చూస్తున్న బండికి పాత యజమాని ఈ పని చేయించాడేమో బూట్ల మడతల్లో వేలుపెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఫోర్ బై ఫోర్ పరీక్షను తారు రోడ్డు మీద చేయకండి. ముందు, వెనుక ఇరుసులను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ దీనికి లేదు, పట్టున్న నేల మీద మలుపు తీసుకుంటే ముందు, వెనుక ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడి గేర్లు బిగుసుకుంటాయి. ఇసుక ఉన్న చోట 4హెచ్ (ఫోర్ బై ఫోర్ హై రేంజ్), 4ఎల్ (లో రేంజ్) రెండూ వేసి ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో పక్కన ఒక మనిషిని నిలబెట్టి చూడండి. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని రెండు ఇరుసులకూ పంచే గేర్ల డబ్బా), రెండు డిఫరెన్షియళ్ల ఆయిళ్లు ఒకేసారి మార్పించండి. ఆ పని జరిగేటప్పుడే ఇరుసులు గాలి పీల్చి వదిలే బ్రీదర్ గొట్టాలను పొడిగించి ఇంజను గదిలోకి ఎత్తుగా కట్టించండి. తిరిగి తిరిగి వేడెక్కిన ఇరుసు చల్లని నీళ్లలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని, అరిగిన ఆయిల్ సీళ్ల గుండా నీళ్లను లోపలికి పీలుస్తుంది. కొంత ఫ్యూయల్ హోసు, కొన్ని క్లిప్పులతో ఆ బాధ తప్పుతుంది. స్నార్కెల్ కాపాడేది ఇంజను గాలి పీల్చే నోటిని మాత్రమే, ఇరుసులను కాదు. ప్రవహించే వాగులో బండి దింపడానికి అది అనుమతి అసలే కాదు.

బ్రేకులు, గొట్టాలు, స్టీరింగ్ బాల్ జాయింట్లు తప్పనిసరి, వాటి గురించి వేరే చర్చ అక్కర్లేదు. రేడియేటర్‌ను మాత్రం విప్పించి శుభ్రం చేయించండి. బెజవాడ ఎండలో లో రేంజ్‌లో నడిచినంత నెమ్మదిగా వెళ్లేటప్పుడు ఎదురుగాలి ఉండదు, రెక్కల మధ్య గడ్డి విత్తనాలు, బురద పట్టి ఉంటే వేడి ముల్లు చూస్తుండగానే పైకి వెళ్తుంది.

టైర్ల దగ్గర కంపెనీ సైజు 235/70 ఆర్16లోనే ఆల్ టెరైన్ రకం (తారు రోడ్డుకూ మట్టి బాటకూ పనికొచ్చేవి) తీసుకోమని నా సలహా. చాలామంది 245/75 ఆర్16కు వెళ్తారు, లెక్క చూడండి: చక్రం వ్యాసం 735 నుంచి 774 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, బండి లేచేది అందులో సగం, అంటే రెండు సెంటీమీటర్లు కూడా కాదు. బదులుగా ప్రతి గేరూ ఐదు శాతం బరువెక్కుతుంది, బ్రేకుకు పని పెరుగుతుంది, స్పీడోమీటరు 60 చూపేటప్పుడు మీరు 63లో ఉంటారు. టైరు పక్కన గుండ్రటి గడిలో ఉన్న నాలుగంకెలు చూసి కొనండి, మొదటి రెండూ టైరు తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. పాత స్టాకును తగ్గింపు ధరకు అంటగట్టడం మామూలే. మంచి రకం ఐదు టైర్లు కొనాలంటే మీ డబ్బులో మూడో వంతు పోతుంది, దానికి వెనకాడవద్దు. ఒక్క మాట ముందే తెలుసుకోండి: గుంటూరు, పల్నాడు నల్లరేగడి వాన పడ్డాక ఏ ఆల్ టెరైన్ టైరునూ లెక్కచేయదు. గాళ్లన్నీ మట్టితో పూడిపోయి టైరు నున్నటి గుండులా మారుతుంది. మిరప చేల మధ్య డొంకలోకి వాన వెలిసిన పూటే దిగకుండా పైపొర ఆరేదాకా ఆగడం నా అలవాటు. ఇసుకలో అయితే గాలిని 18 పీఎస్ఐ దాకా తగ్గిస్తే టైరు పొడవుగా పరుచుకుని తేలుతుంది, కానీ తారు రోడ్డెక్కే ముందే మళ్లీ నింపాలి. అందుకే చిన్న కంప్రెసర్, నమ్మకమైన గేజీ కొనండి.

కంపెనీ సైజు అనడానికి చట్టం కూడా కారణం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశానికి విరుద్ధమైన మార్పులను ఒప్పుకోదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. సవరించిన 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండవచ్చు. ముందు ఇనుప బంపర్ల మీద కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే చర్యలకు ఆదేశించింది. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయరు ముందు చూసేవి కూడా ఇలాంటి మార్పులనే.

వించ్ ధరలో చిన్న వాటాకే దొరికే సామగ్రి మీకు చాలు: ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన కొక్కేలు, మంచి నైలాన్ రికవరీ తాడు, 4.75 టన్నుల ముద్ర ఉన్న రెండు బో షాకిళ్లు (తాడును కొక్కేనికి కలిపే ఇనుప లంకెలు), ఒక పార. మన పల్లెల్లో ట్రాక్టరు ఎప్పుడూ దగ్గరలోనే ఉంటుంది, రైతులు సాయం అడిగితే కాదనరు, అయితే వాళ్లు తెచ్చే ఇనుప గొలుసు వద్దని వినయంగా చెప్పి మీ తాడే ఇవ్వండి. తెగిన గొలుసు ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. తాడు మధ్యలో తడి గోనెసంచి వేసి, చుట్టూ ఉన్న పిల్లలను దూరంగా పంపాకే లాగమనండి.

ఇవన్నీ అయ్యాక పాతిక వేలు మిగలాలి, మిగిలేలా బేరమాడండి, ఎందుకంటే మొదటి వానాకాలంలో ఏదో ఒక సీలో, బేరింగో బయటపడుతుంది. కొత్త కమాన్లు వేయించిన తర్వాత అయిదారు వందల కిలోమీటర్లు తిరిగి, వాటి యు బోల్టులను టార్క్ రెంచితో మళ్లీ బిగించమని మేస్త్రికి చెప్పండి, చక్రాల అలైన్‌మెంటు ఆ బిగింపు అయ్యాకే చేయించండి.