మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మకి అక్టోబరులో ఏ జలపాతం?

దసరాకి ఒడిశాలోని మా రాయగడ వెళ్లినప్పుడు మా వీధి మామయ్య ఆపి అడిగారు. "ఏరా, మావాడు అమెరికాలో షార్లెట్ రమ్మంటన్నాడు. అక్కడేదో జలపాతం చూపిస్తాడట. మీ అత్త మన హతిపథర్ జలపాతం రాళ్ల మీద నాలుగడుగులు వేస్తేనే కూలబడిపోతాది. అక్కడ ఎక్కగలదేటి?"

ఎక్కక్కర్లేదు అన్నాను. కొత్తగా అమెరికా వెళ్లిన మన రాయగడ, కోరాపుట్, పర్లాకిమిడి పిల్లలకి నేను చెప్పేదీ అదే. మీ స్నేహితులు పెట్టిన ఫొటో చూసి అమ్మానాన్నల్ని రెండు మైళ్ల అడవి నడకదారికి లాక్కెళ్లకండి. నార్త్ కరొలైనాలో బ్రెవార్డ్ ఊరు దాటి పిస్గా అడవిలోకి వెళితే, 276 నంబరు రోడ్డు పక్కనే లుకింగ్ గ్లాస్ ఫాల్స్ ఉంటుంది. ఎత్తు 60 అడుగులు. 'ఇంతేనా' అనిపిస్తుంది, మన కోరాపుట్ వైపు దుడుమ జలపాతం 500 అడుగులు దాటుతుంది మరి. కానీ ఇక్కడ కారు దిగి పిట్టగోడ దగ్గర నిలబడితే చాలు, నీళ్లు ఎదురుగా ఉంటాయి. ఓపికున్నవాళ్లకి కిందిదాకా మెట్లున్నాయి. టికెట్టు లేదు. పేరేమో పక్కనున్న కొండది: చలికాలంలో ఆ బండ మీద నీరు గడ్డకట్టి, ఎండకి అద్దంలా మెరుస్తుందట.

ఆకుల రంగు కోసమే వెళ్లేవాళ్లు తేదీ చూసుకోవాలి. పైన బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండదారి ఎత్తుల్లో అక్టోబరు మొదట్లోనే రంగు మొదలవుతుంది, జలపాతం దగ్గరికి దిగేసరికి నెలాఖరు అవుతుంది. పొద్దు తగ్గేకొద్దీ ఆకులో పచ్చదనం పోయి, అడుగున ఉన్న పసుపు బయటపడుతుంది. మేపుల్ లాంటివి ఎరుపుని అప్పటికప్పుడు తయారుచేసుకుంటాయి. మనకి మోదుగ పూసినప్పుడు కొండ ఎర్రబడుతుంది, అక్కడ ఆకే ఆ పని చేస్తుంది. అత్తకి ఇలా చెప్తే వెంటనే అర్థమైంది.

ఇక నేను చేసిన తప్పు. మొదటిసారి మా అమ్మని తీసుకెళ్లింది శనివారం, అదీ భోజనం చేసి తీరిగ్గా బయల్దేరి. షార్లెట్ నుంచి రెండున్నర గంటల దారి. చేరేసరికి నాలుగు దాటింది, రోడ్డు పక్కన కారు పెట్టే చోటు ఒక్కటీ లేదు. రెండుసార్లు వెనక్కి తిరిగొచ్చాను. చోటు దొరికేసరికి లోయలో నీడ పడిపోయింది, చలి మొదలైంది. అమ్మ కాళ్లకి హవాయి చెప్పులు. కారు అద్దంలోంచే చూసి, "బాగుందిలే, పద" అంది. ఆ 'బాగుందిలే' ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే పనిరోజు వెళ్లండి, లేదా ఉదయం తొమ్మిదిలోపు అక్కడ ఉండండి. అమ్మకి సాక్సులు, బూట్లు ముందే కొనండి, చీర మీదకి నిండు స్వెట్టరు. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, ఆ తర్వాత ఐదున్నరకే చీకటి. కారుని రోడ్డు మీద ఆపి ఫొటో తీద్దామనుకోవద్దు, నాలుగు చక్రాలూ రోడ్డు దిగే ఉండాలి. అడవిలో ఫోన్ సిగ్నల్ సరిగ్గా ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. బాత్రూమ్ కోసం దారిలో అదే రోడ్డు మీద వచ్చే రేంజర్ ఆఫీసు దగ్గర ఆగండి, పెద్దవాళ్లున్నప్పుడు ఇది మరవకూడదు. పార్క్‌వే మీదుగా వెళ్లాలనుకుంటే, రోడ్డు తెరిచి ఉందో లేదో నేషనల్ పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. 2024 సెప్టెంబరు చివర్లో వచ్చిన హెలీన్ తుఫాను ఆ కొండదారిని చాలాచోట్ల కోసేసింది.

ఒక్క విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. తడి బండల మీదకి, జలపాతం పైఅంచుకి సెల్ఫీ కోసం ఎవరూ ఎక్కొద్దు. నాచు కనబడదు, కాలు నిలవదు. దుడుమ దగ్గర అమ్మ తిట్టి ఆపేది, అక్కడ ఆపేవాళ్లుండరు.

అంతా విని మామయ్య అడిగింది ఒకటే. "పులిహోర పట్టికెళ్లొచ్చా?"

నిక్షేపంగా. అక్కడ కొట్లేమీ లేవు, బ్రెవార్డ్ దాకా రావాలి. మిగిలిన ముద్ద మాత్రం అడవిలో పారేయకుండా మూతపెట్టి ఇంటికే తెచ్చేయమన్నాను. నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి అక్కడ. అత్త లోపల్నించి, "ఎలుగులా?" అంటూ బయటకొచ్చింది. ఇప్పుడు ప్రయాణం ఒప్పించే పని మామయ్యది.