కంది చేలో దొరికిన జింకపిల్ల

(మూగజీవాల ముచ్చట: పాఠకుల ప్రశ్నలకు రిటైర్డ్ పశువైద్యుని జవాబులు)

ప్రశ్న: డాక్టర్ సాబ్‌కు నమస్తే. మాది మక్తల్ దగ్గర పల్లె. మొన్న కంది చేలో గుంటక తోలుతుంటే సాళ్ల మధ్య ఒక జింకపిల్ల కదలకుండా పడుకొని కనిపించింది. చుట్టుపక్కల తల్లి లేదు. ఇంటికి తెచ్చినం. మా ఎనిమిదేళ్ల బాబు ఫోన్‌లో ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ అనే ఏనుగుల డాక్యుమెంటరీ చూసినప్పటి నుంచి ఇట్లాంటివంటే ప్రాణం. మనమే పెంచుదాం నాన్నా అని ఒకటే ఏడుపు. ఇటు చూస్తే ఇవే జింకలు మా మొలకలు మేసిపోతున్నయి. ఏం చేయాలె?
– ఒక రైతు, నారాయణపేట జిల్లా

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే ఫోన్ చేశాను. పిల్లను అప్పటికే అటవీ శాఖ వాళ్లకు అప్పగించామన్నారు, నా మనసు కుదుటపడింది. అయినా ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. కృష్ణ ఒడ్డు ఊళ్లలో మంచి మనసుతోనే చాలామంది ఈ పొరపాటు చేస్తారు.

ఇట్లా దొరికిన పిల్ల సాధారణంగా దిక్కులేనిది కాదు. కృష్ణ జింక ఈనిన కొత్తలో పిల్లను గడ్డిలోనో చేలోనో దాచి, తాను దూరంగా మేస్తుంది. పాలిచ్చే వేళకు వచ్చి పోతుంది. కదలకుండా పడుకోవడమే ఆ పిల్లకు రక్షణ. మనమేమో అయ్యో, తల్లి వదిలేసిందని ఎత్తుకొస్తాం. లేడి వచ్చి వెతుక్కుంటుంది.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1989లో, ఒక రైతు ఇట్లాగే తువ్వాలలో చుట్టి జింకపిల్లను మా పశువుల దవాఖానకు తెచ్చాడు. మేకపిల్ల కన్నా తేలిగ్గా ఉంది. సీసాతో బర్రె పాలు పట్టమని నేనే చెప్పాను. రెండో రోజుకు పారుడు పట్టుకుంది. నాలుగో రోజు తెల్లవారుజామున నా ఒళ్లోనే పోయింది. ‘సార్, దొరికిన సాల్లనే పెట్టి రావాల్సింది’ అని ఒక ఫారెస్ట్ గార్డు తర్వాత నెమ్మదిగా చెప్పాడు. అప్పటి అతని చూపు నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

కాబట్టి, ఒంటి మీద గాయం లేకపోతే పిల్లను దొరికినచోటే ఉంచి దూరం జరగండి. తెలియక తెచ్చినా వెంటనే అక్కడే వదిలి రండి. మనిషి ముట్టుకుంటే తల్లి రానివ్వదనే మాట విని ఆగిపోవద్దు. కుక్కలు కరిచినా, తల్లి చచ్చి పడి ఉన్నా అటవీ శాఖకు కబురు చేయాలి. ఇంట్లో పెంచుకోవడం ఎట్లాగూ నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణ జింక పులితో పాటు మొదటి షెడ్యూల్‌లోనే, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోనే ఉంది.

ఇక బాబు సంగతి. వాణ్ని కోప్పడకండి. ఆ సినిమా, సుమారు నలభై నిమిషాలే, పక్కన కూర్చొని మళ్లీ చూపించండి. అందులో బొమ్మన్, బెల్లి పెంచిన రఘు నిజంగానే తల్లి లేని ఏనుగు గున్న. తల్లి కరెంటు తగిలి చనిపోయింది. పెంచింది ఇంటి పెరట్లో కాదు, తమిళనాడు ముదుమలై అడవిలోని తెప్పకాడు ఏనుగుల శిబిరంలో. చివరకు రఘును వేరే మావటి చేతికి అప్పగిస్తారు. కన్నబిడ్డను పంపినట్టు ఆ దంపతులు కుమిలిపోతారు. 2023లో ఆస్కార్ వచ్చిందని అందరం పండగ చేసుకున్నాం గానీ, ఆ ఎడబాటు దగ్గరే సినిమా ప్రాణమంతా ఉంది. మీ వాడికి అది అర్థమవుతుంది. పిల్లలు మనం అనుకున్న దానికన్నా ముందుంటారు.

మీ కోపం కూడా న్యాయమైనదే. పొలం చుట్టూ పాత చీరలు కట్టి, రాత్రంతా డప్పు కొడుతూ కాపలా కాసే వాళ్ల దగ్గర నేను కూర్చున్నాను. నేను చూసిన డాక్యుమెంటరీల్లో అడవి ఉంటుంది, జంతువు ఉంటుంది, దాన్ని ప్రేమించే మనిషి ఉంటాడు. మొలక పోగొట్టుకున్న రైతు మాత్రం ఎక్కడో గాని కనిపించడు. అది పెద్ద లోటు. మీ చేనుగట్టు మీద ఒక రాత్రంతా కెమెరా పెట్టేవాళ్లు రావాలని నాకు గట్టిగా ఉంది. అప్పటిదాకా మేసిన సాళ్ల ఫొటోలు తీసి పరిహారానికి దరఖాస్తు పెట్టండి. కరెంటు తీగ మాత్రం పెట్టకండి. అడవిపందుల కోసం పెట్టిన తీగకు మనుషులే పోయిన ఇళ్లకు నేను వెళ్లాను.

ప్రశ్న: హైస్కూల్ పిల్లలకు జంతువుల డాక్యుమెంటరీలు చూపించాలనుకుంటున్నాను. వాటిలో కనిపించేదంతా నిజమేనా? దేనితో మొదలుపెట్టాలి?
– ఒక టీచర్, దేవరకొండ

జవాబు: అంతా నిజం కాదు మేడమ్. 1958లో డిస్నీ తీసిన ‘వైట్ వైల్డర్‌నెస్’లో లెమ్మింగ్ అనే ఎలుకజాతి జీవులు గుంపుగా వెళ్లి నీళ్లలో దూకి చస్తున్నట్టు చూపించారు. నిజానికి వాటిని వేరే చోటి నుంచి తెప్పించి, సినిమా వాళ్లే నీళ్లలోకి తోశారు. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. కెమెరా ఈ జంతువుకు ఇంత దగ్గరగా ఎట్లా వెళ్లింది, దానివల్ల జంతువుకు ఏమైంది అని ప్రతిసారీ పిల్లల చేత అడిగించండి.

మొదట శౌనక్ సేన్ తీసిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ చూపించండి. ఢిల్లీలో ఇద్దరు అన్నదమ్ములు గాయపడిన గద్దలకు ఇంటి కింద గదిలో వైద్యం చేస్తుంటారు. బాడీబిల్డింగ్ రోజుల్లో కండరాల గురించి తెలుసుకున్నదే వాళ్లకు తొలి చదువు. నెమ్మదిగా నడుస్తుంది, మధ్యమధ్య ఆపి తెలుగులో చెప్పాల్సి వస్తుంది. ఓపిక పట్టండి. గాలిపటాల మాంజాకు రెక్క తెగిన గద్దలు అక్కడికి వస్తాయి. అటువంటి పక్షులను సంక్రాంతి తర్వాత నేనూ చూశాను. దారం ఎముక దాకా కోసుకుపోతుంది, కుట్టడానికి చర్మం మిగలదు. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా దుకాణాల్లో దొరుకుతూనే ఉంది. సినిమా చూపించాక మీ బడి చెట్లకు చిక్కుకున్న దారం పొడవాటి కర్రతో పెద్దవాళ్ల చేత తీయించండి. కరెంటు తీగల జోలికి మాత్రం పిల్లల్ని పోనివ్వకండి.