తోమా సువార్తపై పరిశోధనకు పూనుకున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. బీ.డీ. (వేదాంత పట్టా) చివరి ఏటి పరిశోధన వ్యాసానికి, బైబిలులో చేరని తోమా సువార్తను ఎంచుకున్నావనీ, అది మొదటి శతాబ్దానిదా, రెండవ శతాబ్దానిదా అన్నది తేల్చి వ్రాయాలనుకుంటున్నావనీ చదివి సంతోషించాను, కొంత కంగారు కూడా పడ్డాను. కంగారంతా ఆ ‘తేల్చి’ అన్న మాట గురించే. ముప్పై ఏళ్లకు పైగా కొత్త నిబంధన పాఠాలు చెప్పినవాడిగా నేను నీకు చెప్పదలచుకున్నది ఒక్కటే: పుస్తకం మొత్తాన్ని ఒక్కసారిగా పట్టుకుని కాలనిర్ణయానికి కూర్చోకుండా, ఒక్కొక్క పలుకును విడిగా తీసుకుని, అది ఏ దారిన అక్కడికి చేరిందో ముందు అడుగు. కథనం లేకుండా వరుసగా పేర్చిన 114 పలుకుల సంకలనం అది. ఒక పలుకు ఇచ్చిన సమాధానం పక్క పలుకుకు చెల్లి తీరాలని ఏమీ లేదు.

మూడు కాలాలను మొదటే వేరు చేసి పెట్టుకో. చేతికి దొరికిన ప్రతి కాలం ఒకటి, సంకలనం కూర్చిన కాలం ఒకటి, అందులోని పలుకు పుట్టిన కాలం మరొకటి. 1945లో ఎగువ ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర బయటపడిన పదమూడు కోడెక్సులలో (పుస్తకంగా కుట్టిన చేతివ్రాత ప్రతులలో) రెండవదానిలో ఉన్న కోప్టిక్ (పాత ఈజిప్టు క్రైస్తవుల భాష) పాఠం నాలుగవ శతాబ్దానిది. అంతకు ఎంతో ముందే గ్రెన్‌ఫెల్, హంట్ అనే పండితులు ఈజిప్టులోనే ఆక్సిరింకస్ అనే పాత ఊరి చెత్తదిబ్బల్లోంచి తవ్వి తీసిన మూడు గ్రీకు పపైరస్ ముక్కలు 1897లోనూ 1904లోనూ అచ్చయ్యాయి. అవి ఈ సువార్తలోవే అని 1952లో ప్యూష్ అనే ఫ్రెంచి పండితుడు గుర్తుపట్టాడు. వాటిలో పాతది సుమారు క్రీ.శ. 200 నాటిది. హిప్పోలితు అనే తొలి సంఘపు రచయిత పేరున ఉన్న, తప్పుడు బోధల ఖండన గ్రంథం మూడవ శతాబ్దపు తొలి భాగంలో ఈ సువార్తను పేరుపెట్టి ప్రస్తావించింది. కాబట్టి రెండవ శతాబ్దం ముగిసేసరికి సంకలనం ఉన్నదన్నంతవరకు తగవు లేదు. అక్కడినుంచి వెనక్కి ఎంత దూరం పోవచ్చన్నదే తగవంతా. పండితుల్లో హెల్ముట్ కోయెస్టర్ దీన్ని మొదటి శతాబ్దానికి తీసుకుపోయాడు. మార్క్ గుడేకర్ 140ల దగ్గర ఆగాడు, సైమన్ గాదర్‌కోల్ 135కు ముందు కుదరదన్నాడు. ఏప్రిల్ డికోనిక్ మాత్రం ఒక చిన్న తొలి మూలం యేసు తరువాతి ఒకటి రెండు దశాబ్దాల్లో ఏర్పడి, 120 దాకా పెరుగుతూ వచ్చిందని వాదించింది.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు చెబుతాను, నీకు పనికివస్తుంది. విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక సదస్సులో 77వ పలుకు మీద పత్రం చదివాను. “నేనే వెలుగును” అని మొదలై, “కట్టెను చీల్చు, నేనక్కడ ఉన్నాను, రాతిని ఎత్తు, అక్కడ నన్ను కనుగొంటావు” అని ముగిసే ఆ పలుకు ఆది నుంచీ ఒకే ముక్క అని నమ్మి, దాని మీద పెద్ద సిద్ధాంతమే కట్టాను. సభ ముగిశాక మా గురువుగారు ఏమీ అనకుండా గ్రీకు ముక్క ప్రతిని నా ముందు పెట్టారు. గ్రీకులో ఆ రాయీ కట్టే 77లో లేవు, 30వ పలుకుకు అతికి ఉన్నాయి. వరుస కూడా తలకిందులు: అక్కడ ముందు రాయి, తరువాత కట్టె. అంటే ఆ రెండు ప్రతుల నడుమ ఎవరో ఒకరు ఒక వాక్యాన్ని ఇక్కడినుంచి తీసి అక్కడ పెట్టారు. ఇలా పాఠం కదిలిన పుస్తకానికి ఒకే తేదీ వేయడం ఎంత సాహసమో ఆ సాయంత్రం నాకు తెలిసింది. అందుకే ఆంగ్లానువాదం ముందు పెట్టుకుని వాదం అల్లవద్దని బతిమాలుతున్నాను. కోప్టిక్ అంటే భయపడకు. నీకు గ్రీకు అక్షరాలు ఎలాగూ వచ్చు, వాటికి తోడు నేర్చుకోవలసినవి ఆరే.

గ్రీకు ముక్క ఉన్న పలుకులతోనే మొదలుపెట్టు. అవి ఇరవైకి మించవు, అయినా నీ వ్యాసానికి చాలు. 5వ పలుకు చూడు. మరుగైనదేదీ వెల్లడి కాకపోదన్న ఈ మాట మార్కు 4:22లో ఒక తీరుగా ఉంది, లూకా 8:17లో ఇంకొక తీరుగా ఉంది. మార్కు “బయలుపరచబడుటకే తప్ప” అన్న అర్థంలో నడిపిన వాక్యాన్ని లూకా “బయలుపడనిది ఏదీ లేదు” అనే తీరుకు మార్చాడు. తోమా గ్రీకు ముక్కలో కనిపించేది లూకా మార్చిన తీరే. లూకా చేతి మార్పు తోమాలోకి వచ్చిందంటే, లూకా సువార్త ముందు, ఇది తరువాత అన్న గుడేకర్ వాదం నాకు బలమైనదిగానే తోస్తుంది. అయితే పపైరస్ ఛాయాచిత్రాన్ని దగ్గరగా చూస్తే, ఆ వరుస ‘ఫనె’ అన్న అక్షరాల దగ్గర చిరిగిపోయి ఉంటుంది. ఆ తరువాతిది పండితులు పూరించిన పాఠం. పూరణ సరైనదేనని నేనూ ఒప్పుకుంటాను. అయినా నీ వ్యాసంలో ఏది సిరా, ఏది పూరణ అన్నది పాఠకుడికి కనబడేట్టు వ్రాయాలి.

దీనికి ఎదురుగా 65వ పలుకును పెట్టు, యజమాని పంపిన దాసులను కొట్టి, చివరకు అతని కుమారుణ్ని చంపిన ద్రాక్షతోట కాపుల ఉపమానం. మార్కులో ఉన్న కంచె, తొట్టి, గోపురం ఇక్కడ లేవు. దాసులు ఇద్దరే, తరువాత కుమారుడు, హత్య, అంతటితో సరి. నాగ్ హమ్మాది పాఠం వెలుగులోకి రాకముందే డాడ్, యెరెమియాస్ వంటి పండితులు ఈ ఉపమానపు తొలి రూపం ఇలా క్లుప్తంగా ఉండి ఉంటుందని ఊహించారు. అందుచేత ఇది దొరికినప్పుడు చాలామంది, ఇదిగో యేసు చెప్పిన అసలు రూపం అన్నారు. కానీ ఒక్క మాట చూడు. కుమారుణ్ని పంపేటప్పుడు యజమాని “ఒకవేళ” గౌరవిస్తారేమో అనుకోవడం మత్తయి, మార్కు, లూకా మూడు సువార్తల్లోనూ లూకాలో మాత్రమే ఉంది, తోమాలోనూ ఉంది. కంచెనూ గోపురాన్నీ లూకా కూడా వదిలేశాడు. ఆపై 66వ పలుకు, ఇల్లు కట్టువారు నిషేధించిన రాయి, సువార్తల్లో ఉన్న వరుసలోనే వెంటనే వస్తుంది. నా మొగ్గు లూకా జాడ ఉన్నదనే వైపే. అయితే ఆ జాడ సంకలనకర్తదా, కోప్టిక్‌లోకి దించినవాడిదా అని చెప్పడానికి ఈ పలుకుకు గ్రీకు ముక్క లేదు. కాబట్టి 5వ పలుకు విషయంలో చెప్పినంత గట్టిగా ఇక్కడ చెప్పలేను, నీవూ చెప్పవద్దు.

పొట్టిగా ఉన్నదే పాతదన్న సూత్రాన్ని కూడా నమ్ముకోకు. 36వ పలుకు, దేనిని ధరించుకొందుమా అని చింతింపవద్దన్నది, పాతదైన గ్రీకు ముక్కలో పొడవుగా ఉంది, దాని తరువాతిదైన కోప్టిక్‌లో కురచగా ఉంది.

ఇక అర్థం సంగతి. దీన్ని జ్ఞానవాదుల (రహస్య జ్ఞానం వల్లనే రక్షణ అనే తొలి శతాబ్దాల వారి) పుస్తకమని ఒక్క మాటలో కొట్టివేయకు. (‘నాస్టిక్’ అని తెలుగు లిపిలో వ్రాస్తే నాస్తికుడని చదివేవారున్నారు, జ్ఞానవాదం అనే వ్రాయి.) నాగ్ హమ్మాది తోటి గ్రంథాలు కొన్నింటిలో ఉన్నట్టు, లోకాన్ని చేసిన అల్పదేవుడి కథ ఇందులో ఎక్కడా లేదు. ఆత్మజ్ఞానం, ఏకాకిగా నిలవడం, ఆదిలో ఉన్న ఏకత్వానికి తిరిగిపోవడం మాత్రం బలంగా ఉన్నాయి. చివరి పలుకులో మరియను పంపివేయమని సీమోను పేతురు అనడం, ఆమెను పురుషునిగా చేస్తానని యేసు జవాబివ్వడం నిన్ను నొప్పించవచ్చు. నొప్పిని దాచనక్కర లేదు, కానీ ఆ పలుకు తరువాత చేర్చినదన్న వాదాన్ని కేవలం నొప్పి వల్ల ఒప్పుకోకు.

మన ఇళ్లలో తోమా అనగానే, ఆయన హతసాక్షి అయ్యాడని చెప్పుకునే మైలాపూరు గుర్తుకు వస్తుంది. ఈ సువార్తలో భారతదేశం ఊసే లేదు. తోమా భారతదేశానికి వచ్చిన కథ ఉన్నది తోమా కార్యములు అనే వేరే పుస్తకంలో. మట్టి పిచ్చుకలను ఎగురవేసిన బాలయేసు కథా వేరే పుస్తకమే. అయితే ‘యూదా తోమా’ అన్న జంట పేరు ఈ సువార్తలోనూ, ఆ కార్యములలోనూ కనిపిస్తుంది, అది సిరియా క్రైస్తవుల వాడుక. ఈ సువార్త పుట్టినచోటు సిరియా క్రైస్తవుల కేంద్రమైన ఎదెస్సా ప్రాంతమని చాలామంది అనడానికి అదొక కారణం. నికొలస్ పెరిన్ ఇంకా ముందుకు వెళ్లి, మూలభాషే సిరియాక్ (ఆ సిరియా క్రైస్తవుల భాష) అనీ, పలుకులను కలిపే సంధి మాటలు ఆ భాషలో బయటపడతాయనీ అన్నాడు. కానీ ఆయన చూపే సిరియాక్ పాఠం ఏ ప్రతిలోనూ దొరికినది కాదు, ఆయన తిరిగి కట్టినది. ఈ వాదాన్ని చదువు, దాని మీద మాత్రం ఆధారపడకు.

పీఠిక ఇప్పుడే వ్రాయవద్దు. పెద్ద కాగితం అడ్డంగా పెట్టి మార్కు, మత్తయి, లూకా, తోమా గ్రీకు, తోమా కోప్టిక్ అని ఐదు గళ్లు గీసి, పది పలుకులను మాట మాటకు ఎదురుగా దించు. కలిసిన మాటలకు ఒక రంగు, లూకా మాత్రమే మార్చిన మాటలకు మరొక రంగు, పూరించిన పాఠానికి చదరపు కుండలీకరణాలు వేయి. మొదటి రెండు పలుకులు పూర్తికాగానే నాకు పంపు, కళ్లు మునుపటిలా సాగకపోయినా భూతద్దం పెట్టుకుని చూస్తాను.

ఇట్లు,
మీ మావయ్య