700 గ్రాముల కార్బన్ ఫ్రేమ్: మొదటి సైకిల్‌కి అవసరమా?

"సైక్లింగ్‌లోకి ఈ మధ్యే వచ్చాను. ఆఫీసులో నలుగురితో కలిసి శని, ఆదివారాలు సైకిల్ తొక్కుతున్నాను. కొనేదేదో ఒక్కసారే మంచిది కొనేద్దామని ఉంది. బాగా తేలికైన కార్బన్ రేసింగ్ ఫ్రేమ్ తీసుకోవచ్చా?" కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామందికి ఉన్న సందేహమే ఇది. సూటిగా చెప్పాలంటే వద్దు. కార్బన్ వద్దని కాదు, మామూలు కార్బన్ ఫ్రేమ్ నిక్షేపంగా తీసుకోండి. ఆ ఆఖరి రెండు మూడు వందల గ్రాములు తగ్గించుకోవడానికి పోసే డబ్బు మాత్రం దండగ.

ముందు ఆ తూకం సంగతి చూద్దాం. మధ్యరకం కార్బన్ ఫ్రేమ్ సుమారు 950 నుంచి 1,100 గ్రాములు ఉంటుంది. మంచి అల్యూమినియం ఫ్రేమ్ 1,200 నుంచి 1,400 దాకా తూగుతుంది. అల్ట్రాలైట్ అని అమ్మేవి 700 చుట్టుపక్కల ఉంటాయి. 2020లో వచ్చిన స్పెషలైజ్డ్ ఎస్-వర్క్స్ ఏథోస్‌కైతే 56 సైజులో 585 గ్రాములని కంపెనీయే ప్రకటించింది. కేటలాగులో ఈ అంకె చూసేటప్పుడు అది ఏ సైజుకి వేసిన తూకమో, పెయింట్‌తోనా పెయింట్ లేకుండానా, బోల్టులు, హ్యాంగర్ (వెనక గేర్ మార్చే భాగాన్ని ఫ్రేమ్‌కి పట్టే ముక్క) కలిపారా లేదా అన్నవి తప్పక అడగండి. ముందు చక్రాన్ని పట్టే ఫోర్క్ బరువు అందులో ఉండదు. అది ఇంకో 350 నుంచి 400 గ్రాములు. పెయింట్ ఒక్కటే వంద గ్రాముల దాకా తేడా తేగలదు.

ఇప్పుడు లెక్క. మీరు 72 కిలోలు, బట్టలు, బూట్లు, నీళ్ళు 3 కిలోలు, సైకిల్ 8 కిలోలు అనుకుంటే మొత్తం 83 కిలోలు. అందులో 300 గ్రాములు తగ్గితే 0.36 శాతం. గంటసేపు ఆగకుండా నిటారు ఎత్తు ఎక్కితే కలిసొచ్చేది 10 నుంచి 13 సెకన్లు. 750 మిల్లీలీటర్ల బాటిల్‌ని సగమే నింపుకుని బయల్దేరినా అంతకంటే ఎక్కువ బరువే తగ్గుతుంది. చదును రోడ్డు మీదైతే ఆ తేడా కనపడను కూడా కనపడదు. గంటకి 30 కిలోమీటర్లు దాటాక మీ బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది, బరువుతో దానికి సంబంధం లేదు. ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ, రేసు సైకిల్ 6.8 కిలోలకి తగ్గకూడదని 2000 నుంచి నియమం పెట్టింది. డిస్క్ బ్రేకులు వచ్చాక ప్రొఫెషనల్ రేసుల్లోని చాలా ఏరో సైకిళ్ళు (గాలికి తక్కువ అడ్డుపడేలా చేసినవి) 7 కిలోలకి అటూ ఇటూ ఉంటున్నాయి. గెలవడమే జీవనాధారమైనవాళ్ళు కూడా గ్రాముల కంటే గాలికే పెద్దపీట వేస్తున్నారు.

ఆ తేడా డబ్బుని ఎక్కడ పెడితే పనికొస్తుంది? మొదట కొలతల మీద. ఒక మంచి బైక్ ఫిట్ (మీ శరీరానికి తగ్గ సైకిల్ కొలతలు తీయడం) చేయించుకుని మీ స్టాక్ (ఫ్రేమ్ ముందుభాగం ఎత్తు), రీచ్ (ముందుకి ఉండే పొడవు) ఎంత ఉండాలో తెలుసుకున్నాకే ఫ్రేమ్ వెతకండి. అల్ట్రాలైట్ ఫ్రేముల్లో చాలావాటి కొలతలు నిఖార్సైన రేసు కొలతలు, హ్యాండిల్ బాగా కిందకి ఉంటుంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే నడుము దానికి అంత త్వరగా వంగదు. రెండోది టైర్లు. నాసిరకం టైర్ల జత తీసేసి 28 లేదా 30 మిల్లీమీటర్ల మంచి టైర్లు వేస్తే మీ బలంలో పది వాట్ల పైనే మిగులుతాయి. ఫ్రేమ్ బరువు తగ్గించుకుంటే రాని లాభం అది.

తేలికదనం ఎలా వస్తుందో తెలిస్తే జాగ్రత్తలు ఎందుకో కూడా అర్థమవుతుంది. మామూలు ఫ్రేముల్లో ఎక్కువగా టీ700 రకం లాంటి కార్బన్ నార వాడతారు. తేలికైనవాటిలో ఎం40జే లాంటి హై మాడ్యులస్ నారని ఎక్కువ కలుపుతారు. అది బాగా బిర్రుగా ఉంటుంది కాబట్టి తక్కువ పొరలు సరిపోతాయి, గొట్టం గోడ పలచనవుతుంది. తొక్కేటప్పుడు వచ్చే ఒత్తిడికి అది చక్కగా ఆగుతుంది, దానికోసమే పొరలు పేర్చారు. పక్కనుంచి తగిలే దెబ్బకీ, నొక్కుడికీ మాత్రం తట్టుకోలేదు. కొన్ని ఫ్రేముల్లో టాప్ ట్యూబ్‌ని (సీటు నుంచి హ్యాండిల్ వైపు పోయే పై గొట్టం) బొటనవేలితో నొక్కితే లోపలికి వంగడం తెలుస్తుంది.

అందుకే ఇలాంటి ఫ్రేములు రోడ్డు మీదకంటే ఇంట్లోనూ కారు దగ్గరా ఎక్కువ పాడవుతాయి. రిపేర్ స్టాండ్‌లో టాప్ ట్యూబ్‌ని బిగించడం, కారు ర్యాక్ పట్టీ దాని మీద లాగి కట్టడం, సిగ్నల్ దగ్గర దాని మీద కూర్చోవడం, సైకిల్ పడినప్పుడు హ్యాండిల్ గిర్రున తిరిగి దానికే కొట్టుకోవడం: ఇవే అసలు శత్రువులు. స్టాండ్‌లో ఎప్పుడూ సీట్‌పోస్ట్‌నే (సీటు కింది కడ్డీ) పట్టించాలి.

టార్క్ రెంచ్ (బోల్టుని ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) లేకుండా కార్బన్ సైకిల్ జోలికి వెళ్ళకండి. 2 నుంచి 10 న్యూటన్ మీటర్ల మధ్య పనిచేసే చిన్నది చాలు. సీట్‌పోస్ట్ బిగించే పద్ధతి ఇదీ: పోస్టునీ ఫ్రేమ్ లోపలనీ ఆల్కహాల్‌తో తుడిచి, గ్రీజుకి బదులు పట్టు పెంచే కార్బన్ పేస్ట్ పలచగా రాసి, ఎత్తు చూసుకుని, క్లాంప్ (పోస్టుని బిగించే పట్టీ) మీద రాసి ఉన్న అంకె దాకా బిగించాలి. సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు ఉంటుంది. అయినా పోస్ట్ కిందకి జారుతుంటే ఇంకాస్త బిగించేద్దాం అనిపిస్తుంది. ఫ్రేమ్ చిట్లేది సరిగ్గా అప్పుడే. విప్పి, తుడిచి, పేస్ట్ మళ్ళీ రాసి, అదే అంకెకి బిగించండి. హ్యాండిల్ పట్టే నాలుగు బోల్టుల్నీ ఎదురుబొదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రావాలి. చలికాలంలో ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా నిలబెట్టే పరికరం) మీద తొక్కేవాళ్ళు హ్యాండిల్ మీద తువ్వాలు కప్పండి. చెమట హ్యాండిల్ తిరిగే చోట ఉండే హెడ్‌సెట్ బేరింగుల్నీ, కార్బన్ పక్కనున్న అల్యూమినియం భాగాల్నీ తినేస్తుంది. వారంటీ ట్రైనర్ వాడకానికి వర్తిస్తుందో లేదో, ఎంత బరువు వరకు పరిమితి ఉందో మాన్యువల్లో ముందే చదవండి.

అల్ట్రాలైట్ ఫ్రేమ్ కొనదగ్గవాళ్ళు లేరా అంటే ఉన్నారు. కొండ ఎక్కే రేసుల్లో దిగేవాళ్ళు, తమ కొలతలు ఖాయమైనవాళ్ళు, టైర్లూ చక్రాలూ అప్పటికే మంచివి ఉన్నవాళ్ళు, అది విరిగితే ఇంకో సైకిల్ ఉన్నవాళ్ళు.

చౌకగా వస్తోందని సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్ళకి ఇంకొంచెం చెప్పాలి. వారంటీ చాలా కంపెనీల్లో మొదటి యజమానికే ఉంటుంది. అసలు బిల్లు అడగండి, సాధారణంగా బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు ఉండే చోటు) కింద ఉండే సీరియల్ నంబర్‌తో అది దొంగసొత్తు కాదని చూసుకోండి. పేరున్న కంపెనీ గుర్తుతో నమ్మలేనంత తక్కువకి కొత్త ఫ్రేమ్ వస్తోందంటే అది నకిలీ, వదిలేయండి. తర్వాత సైకిల్ శుభ్రంగా తుడిపించి, టార్చ్ వెలుగులో సీట్ క్లాంప్, హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింది నిలువు గొట్టం), బాటమ్ బ్రాకెట్, చైన్‌స్టేల (వెనక చక్రానికి పోయే కింది గొట్టాలు) చుట్టూ చూడండి. గీత కనిపిస్తే దాని మీద దూదిని నడపండి, నార లేచి ఉంటే దూది పట్టుకుంటుంది. నాణెంతో తట్టుకుంటూ వెళ్ళండి. టంగుమన్న చప్పుడు ఒకచోట బొదబొదగా మారితే లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. గొట్టంలో పగులైతే నిపుణుల చేత బాగుచేయించుకోవచ్చు. ఫోర్క్ స్టీరర్‌లో (ఫోర్క్‌ని హ్యాండిల్‌కి కలిపే గొట్టం) పగులు కనిపిస్తే మాత్రం బేరమాడకుండా వెనక్కి వచ్చేయండి, అది విరిగితే చేతిలో హ్యాండిల్ ఉంటుంది గానీ ముందు చక్రం మీ మాట వినదు.