రెండున్నరేళ్ల పాపకు పుచ్చుపళ్లు: పాలపళ్లే కదా అని వదిలేయవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి పాపకు రెండున్నరేళ్లు. పై ముందుపళ్ల మీద చిగురు అంచున సుద్దరంగు గీత ఉంది, ఒక పంటి మీద గోధుమరంగు గుంట పడింది. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతుంది. మీ అత్తమ్మ గారు పాలపళ్లు ఊడేవే కదా అంటున్నారు. మీది నల్గొండ వైపు, నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి ఫ్లోరైడ్ పేస్టు వద్దు అని ఇంకొకరు అంటున్నారు. డాక్టరు గారేమో మత్తిచ్చి చేయాలన్నారు. వదిలేయకండి. సీసా మాన్పించడం, రాత్రి బ్రష్ చేయడం ఈ రోజే మొదలుపెట్టండి, ఈ వారంలో పిల్లల పళ్ల డాక్టరుకు చూపించండి.

పుచ్చు పై ముందుపళ్లతోనే ఎందుకు మొదలైందంటే, సీసా తాగేటప్పుడు కింది పళ్లకు నాలుక అడ్డం పడుతుంది, కింది లాలాజల గ్రంథులు కూడా వాటి పక్కనే ఉన్నాయి. పైపళ్లకు ఆ రెండు రక్షణలూ లేవు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి పాలు పళ్ల మీదే నిలిచిపోతాయి. పాచిలోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం పంటి పైపొరలోని కాల్షియాన్ని లాగేస్తుంది. అందులో పంచదారో బూస్టో కలిపితే పని మరింత త్వరగా అవుతుంది. తెల్లగీత దశలో ఉన్న పన్నును మళ్లీ గట్టిపరచవచ్చు. గుంట పడితే మాత్రం అది పూడదు, ముదరకుండా ఆపడమే మిగులుతుంది.

ఇది ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకు పట్టే మచ్చలు, అని పొరబడకండి. ఫ్లోరోసిస్ మచ్చలు కుడిఎడమ పళ్ల మీద ఒకే తీరుగా, పంటి నిండా అడ్డగీతల్లా పరుచుకుంటాయి, ఎక్కువగా శాశ్వత పళ్లలో కనిపిస్తాయి. పుచ్చు తాలూకు తెలుపు చిగురు అంచునే ఉంటుంది. పన్నును బట్టతో తుడిచి ఆరనిస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

పాలపళ్లు ఊడేవే అన్న మాట ముందుపళ్ల వరకు నిజం. అవి ఆరేడేళ్లకు కదులుతాయి. పాల దవడపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి, అన్నం నమలాల్సింది వాటితోనే. ముందుపళ్లలో ఆగని పుచ్చు తర్వాత పట్టేది ఆ దవడపళ్లనే. ముందే పీకేస్తే వెనక పళ్లు ముందుకు జరిగి, లోపలి నుంచి రావాల్సిన శాశ్వత పంటికి చోటు ఉండదు. అలా పీకాల్సి వస్తే ఖాళీ మూసుకుపోకుండా స్పేస్ మెయింటైనర్ వేస్తారా అని అడగండి. పాలపంటి వేరు దగ్గర చీము చాలాకాలం నిలిచినా, కింద తయారవుతున్న శాశ్వత పంటి పింగాణి, అంటే గట్టి పైపొర, దెబ్బతినవచ్చు.

సీసాను ఒక్కసారిగా లాగేస్తే ఇల్లంతా నిద్ర మానాలి. మూడు నాలుగు రాత్రులకోసారి నీళ్లు పెంచుతూ పోండి: ముందు మూడు వంతుల పాలు, తర్వాత సగం, ఆ తర్వాత పావు, చివరికి ఉత్త నీళ్లు. రెండు వారాల్లో చాలామంది పిల్లలు తామే వదిలేస్తారు. పాలు మాన్పించనక్కర్లేదు, గ్లాసులో పట్టి, పళ్లు తోమాకే పడుకోబెట్టండి. తోమాక నీళ్లు తప్ప ఏమీ వద్దు. రాత్రంతా తల్లిపాలు తాగే అలవాటున్నా ఈ వయసులో ఇదే జాగ్రత్త అవసరం.

ఇక బ్రష్. ఏడెనిమిదేళ్ల దాకా తోమాల్సింది పెద్దవాళ్లే. పిల్ల చేతికి బ్రష్ ఇవ్వండి, ఆడుకోనివ్వండి, కానీ ఆ తోముడును లెక్కలో వేయకండి. మంచం మీద కూర్చుని పాప తలను మీ ఒళ్లో వెల్లకిలా పెట్టుకోండి. గింజుకుంటే ఇద్దరు ఎదురెదురుగా మోకాళ్లు ఆనించి కూర్చోండి. ఒకరు చేతులు, కాళ్లు పట్టుకుంటే ఇంకొకరు తోముతారు. ఎడమచేతి వేలితో పై పెదవి ఎత్తండి. చాలా ఇళ్లలో తప్పిపోయేది ఇక్కడే: పెదవి ఎత్తకపోతే చిగురు అంచుకు బ్రష్ తగలదు. మెత్తటి చిన్న బ్రష్‌ను చిగురు వైపు ఏటవాలుగా ఆనించి చిన్న చిన్న చుట్లుగా తిప్పండి, తర్వాత దవడపళ్లు నమిలే వైపు, లోపలి వైపు. మొత్తం రెండు నిమిషాలు. పొద్దున ఒక రోజు తప్పినా రాత్రిది తప్పకూడదు. బొగ్గు, ఉప్పు, గరుకు పళ్లపొడి వద్దు, పాలపంటి పైపొర పలచన.

ఫ్లోరైడ్ పేస్టు వాడాలి. మోతాదు చూసుకుంటే భయం లేదు. పెట్టె మీద 1000 పీపీఎం అని ఉంటే ఒక గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ అన్నమాట. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత చాలు, అది సుమారు 0.1 గ్రాము. రెండు పూటలా మొత్తం మింగేసినా 0.2 మిల్లీగ్రాములే. అదే లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు 200 మిల్లీలీటర్ల గ్లాసుడు తాగితే 0.6 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోతుంది. జాగ్రత్త పడాల్సింది నీళ్ల దగ్గర. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది, వేరే నీళ్లు దొరకని చోట గరిష్ఠంగా 1.5 అని మన ప్రమాణాలు చెబుతాయి. బోరునీళ్లయితే పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. శాశ్వత ముందుపళ్ల పింగాణి ఎక్కువగా మొదటి మూడు నాలుగేళ్లలోనే తయారవుతుంది, కాబట్టి పాపకు తాగడానికే కాదు, వంటకూ మిషన్ భగీరథ కుళాయి నీళ్లో ఆర్‌ఓ నీళ్లో వాడండి. మూడేళ్లు దాటాక బఠాణీ గింజంత పేస్టు. ఉమ్మించండి, పుక్కిలించవద్దు, పళ్ల మీద మిగిలిన ఆ కొంచెమే పని చేస్తుంది. పిల్లల పేస్టుల్లో కొన్నిటిలో ఫ్లోరైడ్ అసలు ఉండదు, కార్టూన్ బొమ్మ కాదు, పీపీఎం అంకె చూసి కొనండి.

తిండిలో ఎంత తీపి తిన్నదన్నదాని కంటే రోజుకు ఎన్నిసార్లు తిన్నదన్నదే ముఖ్యం. తిన్న ప్రతిసారీ నోరు ఆమ్లం నుంచి తేరుకోవడానికి అరగంటో ముప్పావుగంటో కావాలి. గంటకో బిస్కెట్ చేతికిస్తే ఆ తేరుకునే వ్యవధే దొరకదు. అన్నం బుగ్గన పెట్టుకుని కూర్చునే పిల్లలకూ ఇదే ఇబ్బంది. తీపి సిరప్ మందు వేశాక నీళ్లు తాగించండి.

క్లినిక్‌లో తెల్లగీతలకు ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు. నిమిషాల పని, మూడు నుంచి ఆరు నెలలకోసారి చేయించాలి. ఆ రాత్రి బ్రష్ చేయకండి, పన్ను పసుపుగా కనిపిస్తే కంగారు పడకండి. నొప్పి లేని గుంటకు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ చుక్క ఒకటి మార్గం. సూది, డ్రిల్లు అక్కర్లేకుండా పుచ్చును ఆపుతుంది. పుచ్చిన చోటు శాశ్వతంగా నల్లబడుతుంది, అందుకు ఒప్పుకునే వేయించాలి. పుచ్చు నరం దాకా వెళ్లి రాత్రి నొప్పితో లేస్తుంటే అది పనిచేయదు. అప్పుడు పాలపంటికీ వేరు చికిత్స చేస్తారు, దవడపన్నయితే పైన స్టీలు తొడుగు వేస్తారు.

మత్తు అంటే ఏ మత్తో ముందు అడగండి. పన్ను ఒక్కటే మొద్దుబారే సూదికి, పూర్తిగా నిద్రపుచ్చే మత్తుకూ చాలా తేడా. సూదికి ముందు పాపను తూచాలి. మొద్దుబార్చే మందు 2 శాతం లిగ్నోకెయిన్ కిలో బరువుకు 4.4 మిల్లీగ్రాములు మించకూడదు, అంటే 12 కిలోల పాపకు సుమారు రెండున్నర మిల్లీలీటర్లు. అన్ని పళ్లూ ఒకే రోజు చేయకపోవడానికి ఇదొక కారణం. ఇంటికొచ్చాక రెండు మూడు గంటలు పెదవి మొద్దుబారి ఉంటుంది, తెలియక కొరికేసుకుని పుండు చేసుకుంటారు, పక్కనే కూర్చుని కనిపెట్టండి. పూర్తి మత్తయితే మత్తు డాక్టరు వేరుగా ఉండాలి, ఆక్సిజన్, పల్స్ ఆక్సీమీటర్ ఉండాలి. పని చేసే దంతవైద్యులే మత్తు కూడా చూసుకుంటామంటే ఒప్పుకోకండి. సాధారణంగా అన్నం, పోతపాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. ఏడుస్తోందని దొంగచాటుగా పాలు పట్టారంటే అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ముందే చెప్పండి, వాయిదా వేస్తారు.

ఈలోగా నొప్పి వస్తే పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటల ఎడంతో ఇవ్వవచ్చు. సిరప్‌లు 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములని, 250 మిల్లీగ్రాములని రెండు మోతాదుల్లో దొరుకుతాయి, సీసా మీద చూడకుండా కొలవకండి. ఆస్పిరిన్ ఇవ్వకూడదు. బెంజోకెయిన్ ఉన్న నొప్పి జెల్‌లు, చిగురు మీద లవంగ నూనె దూది వద్దు. మందులషాపులో అడిగి యాంటీబయాటిక్ వేస్తే వాపు తగ్గినట్టుంటుంది, పంటిలో చీము అలాగే ఉంటుంది. బుగ్గ వాచి జ్వరం వచ్చినా, కన్ను మూసుకుపోతున్నా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా కాపడం పెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఖర్చు భారమైతే హైదరాబాద్ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో పిల్లల పళ్ల విభాగం ఉంది. విజయవాడ, కడపల్లోనూ ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. ఆరేళ్లప్పుడు ఏ పన్నూ ఊడకుండానే చివరి పాలపన్ను వెనక కొత్త దవడపన్ను వస్తుంది. అది శాశ్వతమైనది, చాలామంది పాలపన్నే అనుకుని వదిలేస్తారు. అది పూర్తిగా బయటికి రాగానే గాడులు మూసే సీలెంట్ వేయించండి, దానికి సూది అక్కర్లేదు.