స్కార్పియో బానెట్ కింద మొదలైన ఆసక్తి ఉద్యోగం దాకా వెళ్తుందా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్నకు చిన్న ట్రావెల్స్ ఉంది. ఎండాకాలంలో మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు మా పాత స్కార్పియోకి పికప్ బాగా తగ్గిపోయేది. బానెట్ తెరిచి చూస్తే, పైన బయటి గాలి దూరే స్కూప్‌కీ, కింద టర్బో నుంచి వచ్చే వేడిగాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కీ మధ్య ఉండే స్పాంజి పట్టీ సగం ఊడిపోయి ఉంది. ఇంటర్‌కూలర్ శుభ్రం చేసి, కొత్త పట్టీ అతికించాను. ఫోన్ యాప్‌లో ఇంజన్‌కి వెళ్లే గాలి ఉష్ణోగ్రత 9 డిగ్రీలు తగ్గినట్టు చూపించింది. బండి బాగా లాగుతోందని నాన్న కూడా అన్నారు. అప్పటి నుంచి నా ధ్యాసంతా దీని మీదే. ఇంట్లో మాత్రం ‘టర్బోలు, డీజిల్ బండ్లు ఇంకెన్నాళ్లుంటాయి, సాఫ్ట్‌వేర్ నేర్చుకో’ అంటున్నారు. ఇందులో కెరీర్ ఉందా? కార్ ట్యూనింగ్ కోర్సు చేయమంటారా?

జవాబు: కెరీర్ ఉందమ్మా. నువ్వు చేసిన పనిని పరిశ్రమలో థర్మల్ ఇంజినీరింగ్ అంటారు. దాని మీదే బతికే ఇంజినీర్లు కార్ల కంపెనీల్లో, రేడియేటర్లు తయారుచేసే కంపెనీల్లో చాలామంది ఉన్నారు. అయితే నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది, అనుమానం కలిగించిన మాట ఒకటుంది. నచ్చింది ఆ పట్టీ, అనుమానం ఆ 9 డిగ్రీలు. ముందు వాటి సంగతి చూద్దాం. ఉద్యోగం సంగతి అందులోంచే వస్తుంది.

నువ్వు అతికించిన పట్టీ ఏం చేస్తుందో లెక్కకట్టి చూశావా? మే నెలలో మీ ఊళ్లో బయట 40 డిగ్రీలు ఉందనుకో. ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బో ఆ గాలిని వాతావరణ పీడనానికి రెట్టింపు వరకు నొక్కుతుంది. టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, నొక్కుడుకే గాలి దాదాపు 138 డిగ్రీలకు వేడెక్కుతుంది. ఇంటర్‌కూలర్ ఎఫెక్టివ్‌నెస్ 0.7 అనుకుందాం, అంటే లోపలి గాలికీ బయటి గాలికీ ఉన్న తేడాలో 70 శాతం తగ్గిస్తుంది. దాని మీదుగా 40 డిగ్రీల బయటి గాలి వెళ్తే లోపలి గాలి 69 డిగ్రీల దగ్గరకు దిగుతుంది. 138 నుంచి 69కి దిగితే సాంద్రత 20 శాతం పెరుగుతుంది. అంటే అదే సిలిండర్‌లో ఆ మేరకు ఎక్కువ గాలి పడుతుంది.

ఇప్పుడు పట్టీ ఊడిపోయిన రోజును లెక్కలోకి తీసుకో. స్కూప్‌లో దూరిన గాలి ఇంటర్‌కూలర్ సన్నటి రేకుల (ఫిన్‌ల) మధ్య నుంచి కష్టపడి పోదు, పక్కనున్న సందులోంచి జారిపోతుంది. పైగా నెమ్మదిగా ఘాట్ ఎక్కుతున్నప్పుడు ఇంజన్ మీది వేడిగాలే ఆ సందులోంచి పైకి వచ్చి ఇంటర్‌కూలర్ మీద తిరుగుతుంది. ఆ గాలి 65 డిగ్రీలుంటే, అదే ఇంటర్‌కూలర్ నుంచి గాలి 87 డిగ్రీల దగ్గర బయటికి వస్తుంది. కొన్ని పదుల రూపాయల స్పాంజి ముక్క లేకపోతే 18 డిగ్రీల తేడా! ఖరీదైన పెద్ద ఇంటర్‌కూలర్ కొనేముందు చూడాల్సింది ఇదే. ఉన్న ఇంటర్‌కూలర్‌కు చల్లటి గాలి నిజంగా అందుతోందా, అందిన గాలికి బయటికి పోయే దారి ఉందా? నీకు ఎవరూ చెప్పకుండానే చేయి సరిగ్గా అక్కడికే వెళ్లింది. నాకు నచ్చింది అదే.

ఇక అనుమానం. ఆ యాప్ చూపించింది ఏ సెన్సర్ అంకె? చాలా డీజిల్ బండ్లలో ఇంటేక్ ఎయిర్ టెంపరేచర్ అని వచ్చేది ఎయిర్ ఫిల్టర్ పక్కన, టర్బోకి ముందు ఉండే సెన్సర్‌ది. ఇంటర్‌కూలర్ ఏం చేసిందో దానికి తెలియదు. ఇంటర్‌కూలర్ దాటాక ఉండే సెన్సర్ వేరు. నువ్వు చూసింది మొదటిదైతే, ఆ 9 డిగ్రీలు పట్టీ వల్ల వచ్చినవి కాకపోవచ్చు. పట్టీ వేయకముందు మధ్యాహ్నం ఎక్కి, వేశాక పొద్దున్నే ఎక్కి ఉంటే అంత తేడా వాతావరణమే ఇస్తుంది.

ఇది నీ తప్పని కాదు. రేపు ఇంటర్వ్యూలో ‘9 డిగ్రీలు తగ్గించాను’ అని చెప్పగానే ఎదురుగా కూర్చున్నవారు అడిగే మొదటి ప్రశ్న ఇదే. ‘ఎక్కడ కొలిచావు? అదే రోడ్డా, అదే గేరా, అదే లోడా? బయట ఎంత ఉంది?’ ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగలిగిన అమ్మాయికి ఉద్యోగం వస్తుంది. చెప్పలేకపోతే అదొక హాబీగా మిగిలిపోతుంది.

అందుకే ఈ సెలవుల్లో అదే పని మళ్లీ చెయ్యి, ఈసారి పద్ధతిగా. ముందుగా ఇంజన్ పూర్తిగా చల్లారాక కొత్త పట్టీ పైఅంచు మీద కాస్త ముగ్గుపిండి పలచగా రాసి, బానెట్ మూసి, మళ్లీ తెరువు. బానెట్ లోపలివైపు తెల్లటి ముద్ర ఎక్కడ తెగిపోయిందో అక్కడ సందు ఉన్నట్టు. చుట్టూ ఒక్కటే గీతలా పడేదాకా పట్టీ సరిచెయ్యి. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర నల్లటి నూనె తడి ఉందేమో కూడా చూడు. తాజా తడి ఉంటే అక్కడ బూస్ట్ లీక్, అంటే టర్బో నొక్కిన గాలి బయటికి పోవడం, ఉండొచ్చు. దాన్ని సరిచేయకుండా ఎంత చల్లబరిచినా ఉపయోగం తక్కువ. ఫిన్‌లను కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టకు, ఫిన్‌లు వంగితే గాలి దారి మూసుకుపోతుంది.

తర్వాత ఉష్ణోగ్రత కొలిచే రెండు కె-టైప్ థర్మోకపుల్ ప్రోబ్‌లు తీసుకో. ఒకటి ఇంటర్‌కూలర్‌లోకి వెళ్లే పైపు మీద, రెండోది బయటికి వచ్చే పైపు మీద గట్టిగా అతికించి, పైన గుడ్డ చుట్టు. పైపు ఉపరితలం చూపించే అంకె లోపలి గాలికి కాస్త అటూఇటూగా ఉంటుంది. అయినా రెండు పరిస్థితులను పోల్చడానికి సరిపోతుంది. ఘాట్‌లో ఒకే ముక్క ఎంచుకుని, ఒకే గేరులో, ఒకే వేగంతో, ఏసీ ఒకేలా పెట్టి ఎక్కండి. పట్టీతో మూడుసార్లు, పట్టీ లేకుండా మూడుసార్లు, మళ్లీ పట్టీతో మూడుసార్లు. చివరిసారి మొదటి అంకెలే తిరిగి వస్తే, తేడా పట్టీదేనని ధైర్యంగా చెప్పొచ్చు. ప్రతిసారీ బయటి ఉష్ణోగ్రత రాసుకో.

ఇంకో కొలత ఉంది, దాదాపు ఖర్చు లేనిది. మేస్త్రీలు మట్టం చూసుకునే సన్నటి పారదర్శకమైన పైపు తెలుసుగా? దాన్ని యూ ఆకారంలో ఒక అట్టకు కట్టి, రంగు నీళ్లు పోసి, ఒక చివర ఇంటర్‌కూలర్ పైభాగానికి, రెండో చివర కిందిభాగానికి తీసుకెళ్లు. రెండు వైపులా నీటి మట్టాల తేడానే గాలిని ఇంటర్‌కూలర్‌లోంచి తోసే పీడనం. లెక్క ప్రకారం గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఇవ్వగల పీడనం మొత్తం 29 మిల్లీమీటర్ల నీటి మట్టం అంత. 30 కిలోమీటర్ల వేగానికి అది 4 మిల్లీమీటర్లే! పీడనం వేగం వర్గాన్ని బట్టి పడిపోతుంది. హైవే మీద బాగా పనిచేసే స్కూప్ ఘాట్‌లో ఎందుకు చేతులెత్తేస్తుందో ఈ రెండు అంకెలు చూస్తే నీకే అర్థమవుతుంది. తొమ్మిది పరుగుల తర్వాత కూడా ఘాట్‌లో తేడా పెద్దగా కనిపించకపోతే నిరాశ పడకు. అదీ ఫలితమే, అలాగే రాయి. అంకెలు చూసే పని వెనక సీట్లో కూర్చున్నవాళ్లదే, డ్రైవింగ్ చేసేవాళ్లు రోడ్డు మాత్రమే చూడాలి.

‘బాగా లాగుతోంది’ అని నాన్నగారు అన్న మాటను కూడా జాగ్రత్తగా తీసుకో. డీజిల్ ఇంజన్‌లో ఎంత ఇంధనం చల్లాలో ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, నిర్ణయిస్తుంది. గాలి చల్లబడినంత మాత్రాన పవర్ అదే నిష్పత్తిలో పెరగదు. ఎక్కువ వేడిలో పోగొట్టుకున్నది తిరిగి వస్తుంది, ఎగ్జాస్ట్ వేడి తగ్గుతుంది. ట్రావెల్స్ బండికి అది చిన్న లాభమేమీ కాదు.

ఇక ఇంట్లోవాళ్ల మాట. ‘డీజిల్ ఇంకెన్నాళ్లు’ అన్న భయం న్యాయమైనదే, కొట్టిపారేయకు. కానీ వేడిని తీసేసే పని డీజిల్‌తో పాటు పోదు. ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీని సుమారు 20 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫాస్ట్ ఛార్జింగ్‌లో అది బాగా వేడెక్కుతుంది, దాన్ని చల్లబరిచే రేడియేటర్‌కూ ముందు నుంచి గాలి అందాలి, సందులు మూయాలి. నువ్వు చేసిన పనే, బానెట్ మారుతుంది అంతే. కార్లే అక్కర్లేదు. విశాఖలో భారీ డేటా సెంటర్ కడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. సర్వర్ గదిలో చల్లగాలి, వేడిగాలి కలిసిపోకుండా మధ్యలో అడ్డు కట్టడం అక్కడ పెద్ద పని. నీ స్పాంజి పట్టీ చేసిందీ అదేగా!

సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనడంలోనూ సగం నిజముంది. ఈ రంగంలో కొత్త డిజైన్‌ను ముందు కంప్యూటర్‌లోనే గాలి పోనిచ్చి చూస్తారు. దాన్నే సీఎఫ్‌డీ అంటారు. ఓపెన్‌ఫోమ్ ఉచితంగా దొరుకుతుంది, ఆన్సిస్‌కు విద్యార్థుల ఉచిత వెర్షన్ ఉంది. నీ రీడింగులను గ్రాఫులుగా గీయడానికి పైథాన్ నేర్చుకో. రోజూ గంట చాలు. రేపు మనసు మారి సాఫ్ట్‌వేర్‌కు వెళ్లాలనిపించినా ఈ చదువు వృథా కాదు. ఈ మాట నాన్నగారికి చెబితే ఇంట్లో టెన్షన్ సగం తగ్గుతుంది. ఒకటి మాత్రం దాచకుండా చెప్పాలి. కోర్ మెకానికల్‌లో మొదటి జీతం తరచూ సాఫ్ట్‌వేర్ కంటే తక్కువగానే ఉంటుంది, మొదటి ఉద్యోగం పుణెలోనో చెన్నైలోనో దొరికే అవకాశం ఎక్కువ. అది ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

ట్యూనింగ్ కోర్సు ఇప్పుడు వద్దు. డబ్బు తీసుకుని ఈసీయూ మ్యాప్‌లు (దానిలోని సెట్టింగులు) మార్చడం నేర్పేవాళ్లున్నారు కానీ, ఉష్ణప్రసరణ, ద్రవగతి శాస్త్రం రాకుండా అది బటన్లు నొక్కడమే అవుతుంది. చట్టం సంగతీ తెలుసుకో. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. ఊడిన పట్టీ మార్చడం రిపేరు కిందికి వస్తుంది, ఇబ్బంది లేదు. అద్దెకు తిరిగే బండికి మాత్రం అంతకు మించి చేయకు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర నాన్నగారు చిక్కుల్లో పడతారు.

మార్పులు చేయాలన్న ఉబలాటం తీరడానికి కాలేజీలో మంచి చోటు ఉంది. మీ కాలేజీలో, విద్యార్థులే బండి తయారుచేసి పోటీపడే బాహా లేదా ఫార్ములా స్టూడెంట్ టీమ్ ఉంటే ఈ ఏడాదే చేరి, కూలింగ్ పని అడిగి తీసుకో. చాలామంది ఇంజన్, సస్పెన్షన్ కోసం ఎగబడతారు, రేడియేటర్‌కు గాలి తెచ్చే డక్ట్ ఎవరికీ పట్టదు. కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్‌లో జడ్జీలు కారుతో పాటు దాని వెనకున్న లెక్కలు కూడా అడుగుతారు. నీ దగ్గర అంకెలుంటే అక్కడ నోరు విప్పడానికి భయపడక్కర్లేదు. టీమ్ లేకపోతే నలుగురు కలిసి మొదలుపెట్టేముందు ఖర్చు ఎంతవుతుందో చూసుకోండి, లక్షల్లోనే ఉంటుంది.

మూడో ఏడాదిలో హీట్ ట్రాన్స్‌ఫర్ పేపర్ వస్తుంది. ఇంటర్‌కూలర్ లాంటివాటి లెక్కలుండే ఎఫెక్టివ్‌నెస్–ఎన్‌టీయూ అధ్యాయం వచ్చినప్పుడు పుస్తకంలోని లెక్కల బదులు నీ స్కార్పియో అంకెలు వేసి చూడు, ఆ అధ్యాయం ఇంక మరచిపోవు. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితం. తర్వాత గేట్ మెకానికల్ రాసి, వరంగల్ ఎన్ఐటీలో థర్మల్ ఇంజినీరింగ్ ఎంటెక్ లాంటి దానికి ప్రయత్నించొచ్చు. గేట్‌తో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది కాబట్టి ఇంటి మీద భారం తగ్గుతుంది. నేరుగా ఉద్యోగం కావాలంటే మాలే, వాలియో, సుబ్రోస్ లాంటి థర్మల్ విడిభాగాల కంపెనీలు, హైదరాబాద్‌లోని హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం, చెన్నై దగ్గరి మహీంద్రా రీసెర్చ్ వ్యాలీ చూడు. బండ్లను పరీక్షించే పని ఇష్టముంటే పుణెలో ఏఆర్ఏఐ అనే వాహన పరిశోధన సంస్థ ఉంది. వేసవి ఇంటర్న్‌షిప్‌కు రాసేటప్పుడు రెజ్యూమెతో పాటు ఒకే ఒక్క పేజీ జతచెయ్యి. స్కూప్ ఫొటో, ముగ్గుపిండి ముద్ర ఫొటో, తొమ్మిది పరుగుల పట్టిక, చివర ‘ఈ కొలతలో నాకు నమ్మకం లేని చోటు ఇది’ అని రెండు వాక్యాలు.

వచ్చే ట్రిప్పుకు బయల్దేరేముందు మాత్రం ఒక్క పని చెయ్యి. బానెట్ తెరిచి, యాప్‌లో కనిపించే ఆ సెన్సర్ ఎయిర్ ఫిల్టర్ పక్కనుందో, ఇంటర్‌కూలర్ దాటాక ఉందో, వైరు పట్టుకుని వెతికి చూసి నాకు మళ్లీ రాయి.